పూత రాని జీలుగ: కొల్లేరు అంచున ఒక మొక్కను గుర్తుపట్టిన కేసు

"మేడమ్ గారండీ, జీలుగ నడుముల దాకా ఎదిగింది గానీ పూత జాడే లేదండి. కలియదున్నేయమంటారా, ఇంకా ఆగమంటారా?"

మూడేళ్ల క్రితం జూలై మొదటి వారంలో కైకలూరు వైపు నుంచి ఒక రైతు ఇలా ఫోన్ చేశారు. నేను వృక్షశాస్త్రం చదివి, రైతులకు సలహాలిచ్చే పనిలో ఉన్నాను. వాట్సాప్‌లో ఫోటో పంపమన్నాను, పంపారు. ఈకలా రెండు వైపులా చిన్న చిన్న ఆకులున్న కొమ్మలు, పచ్చగా, దట్టంగా ఉన్నాయి. పచ్చిరొట్ట ఎరువుగా పెంచి నేలలో కలియదున్నే జీలుగ చేను నేను వందలసార్లు చూశాను. ఇంకేం ఆలోచించలేదు. "పూత మొదలైన దశలో దున్నితేనే మంచి ఎరువు బాబాయ్ గారూ, ఇంకో వారం పది రోజులు ఆగండి" అని చెప్పేశాను.

ఈ కేసులో మొదటి తప్పు అదే, అది నాదే. ఆయన పంపిన ఫోటోలో ఆకు పక్కన కొలతకు పనికొచ్చే వస్తువు ఏదీ లేదు. కాండం మొదలు కనిపించలేదు. పువ్వు లేదు, కాయ లేదు. చిక్కుడు కుటుంబపు మొక్కకు పువ్వూ కాయా చూడకుండా పేరు పెట్టకూడదని విద్యార్థులకు చెప్పే నేనే ఆ రోజు ఫోన్‌లో పేరు ఖాయం చేసేశాను.

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతులో టెన్షన్ తెలుస్తోంది. పూత ఇంకా రాలేదు. పైగా కాండాలకు కింది భాగంలో కురుపుల్లాంటి బుడిపెలు లేచాయట. మందుల షాపులో చెబితే పురుగు పనేనని ఒక డబ్బా ఇచ్చారట. "రేపు పొద్దున్నే కొడదామనుకుంటున్నానండి" అన్నారు. మందు మూత తీయొద్దని చెప్పి, మర్నాడు తెల్లవారే బస్సెక్కాను.

ఆ పొలం ఎకరం ఇరవై సెంట్లు. కాలువ చివరి భూమి. పక్కనే మురుగు నీటిని కొల్లేటిలోకి మోసుకెళ్లే డ్రెయిన్ ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా పరుచుకున్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులు అందులోకి వస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ అంచున ఉన్న పొలాల్లో ఒక మంచి వాన పడితే చాలు, నీరు రోజుల తరబడి కదలదు. ఆయన చేలో కూడా పిక్కల దాకా నీరుంది. గట్టు అవతల పక్క రైతు చేలో అదే సమయానికి వేసిన జీలుగను అప్పటికే దున్నేశారు. గట్టు వారన మిగిలిన నాలుగైదు మొక్కలు మాత్రం పూతతో ఉన్నాయి. నా అదృష్టం అనుకోవాలి, పోల్చి చూడడానికి అసలు జీలుగ అక్కడే దొరికింది.

రెండింటి నుంచీ చెరో కొమ్మ విరిచి గట్టు మీద తువ్వాలు పరిచి పెట్టాను.

పక్క చేలోది జీలుగే, సెస్బేనియా బైస్పైనోసా. ఆకు ఈనె అడుగున వేలితో తడిమితే చిన్న చిన్న ముళ్లు గుచ్చుకుంటాయి, కాండం మీదా అక్కడక్కడా ఉంటాయి. పత్రకం, అంటే ఈనెకు రెండు వైపులా ఉండే చిన్న ఆకు, ఒక్కొక్కటి సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా పొడవు. మన రైతు చేలో కొమ్మకు అలాంటి ముళ్లు లేవు, కాస్త గరుకు మాత్రం ఉంది. పత్రకాలు బాగా చిన్నవి, చాలావరకు సెంటీమీటరు లోపే, చింతాకుల కంటే సన్నగా, ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా ఉన్నాయి. ఫోటోలో రెండూ ఒకేలా కనబడ్డాయి. పక్కన ఒక రూపాయి బిళ్ల ఉండి ఉంటే ఆ రోజే అనుమానం వచ్చేది.

తర్వాత ఆకు కాండానికి అతుక్కున్న చోటు చూశాను. అక్కడ పత్రపుచ్ఛాలు ఉన్నాయి, పల్చని పొరలాంటివి. మామూలుగా అయితే అవి అడుగున అతుక్కుని పైకి లేచి ఉంటాయి. ఇక్కడ మాత్రం అతుక్కున్న చోటికి పైన ఒక మొన, కింద ఇంకో తోక ఉన్నాయి. ముదురు ఆకుల దగ్గర ఇవి రాలిపోతాయి, అందుకని లేత చిగురు దగ్గరే వెతకాలి. ఈ తోక కనబడగానే నాకు సగం జవాబు దొరికింది. ఇంకో కొమ్మను చేతిలో పట్టుకుని కాసేపు నిమిరితే పత్రకాలు మెల్లగా జతలు జతలుగా ముడుచుకోవడం మొదలైంది. అత్తిపత్తి అంత చురుగ్గా కాదు, ఓపిగ్గా చూస్తేనే తెలుస్తుంది. ఈ గుణం వల్లే ఈ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, ఈస్కినోమెనె అని పేరొచ్చింది. గ్రీకులో దానర్థం సిగ్గుపడేది అని. 1753లో లిన్నేయస్ రాసిన పేరు అది. మన చేలో ఉన్నది ఈస్కినోమెనె ఇండికా అయ్యుండాలని నా అంచనా. పువ్వు లేదు కనుక పుస్తకంలో పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాను.

"మరి ఈ కురుపులో?" అన్నారు రైతు. ఆయన మనసంతా అక్కడే ఉంది.

నీటి మట్టానికి కాస్త కిందా, జానెడు పైనా కాండం చుట్టూ ఆవగింజ నుంచి మిరియపు గింజంత బుడిపెలు ఉన్నాయి. ఆకుపచ్చగా, కాండానికి గట్టిగా అతుక్కుని, సగం బంతుల్లా ఉన్నాయి. పురుగు చేసిన బుడిపె అయితే కోసి చూస్తే లోపల సొరంగమో, పిల్ల పురుగో, మలమో ఉంటుంది. బ్లేడుతో నాలుగైదు బుడిపెలు అడ్డంగా కోశాను. చుట్టూ పచ్చని అంచు, లోపలంతా గులాబీ రంగు. ఆయనను దగ్గరికి రమ్మని చూపించాను. ఆ గులాబీ రంగు లెగ్ హీమోగ్లోబిన్‌ది. మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు చుట్టం లాంటి పదార్థం. వేరుశనగ వేరు బుడిపె గిల్లి చూసినా ఇదే రంగు. అంటే ఆ బుడిపెలో బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తోంది. ఆయన డబ్బాలో మందు కొట్టి చంపాలనుకున్నది ఆ చేలో ఉన్న యూరియా ఫ్యాక్టరీని.

వేరు మీద ఉండాల్సిన బుడిపె కాండం మీదికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మొక్క గొప్పతనమంతా అక్కడే ఉంది. నీట మునిగిన నేలలో వేర్లకు గాలి ఆడదు, అక్కడ బుడిపెలు సరిగ్గా పనిచేయలేవు. ఈస్కినోమెనె కాండం బెరడు కింద అబ్బురపు వేర్ల మొలకలు నిద్రలో ఉంటాయి. నీరు తగిలితే అవి బయటికి పొడుచుకొస్తాయి. అలా వచ్చేటప్పుడు బెరడు చిట్లి సన్నని పగులు ఏర్పడుతుంది. ఆ పగులు గుండా బాక్టీరియా లోపలికి దూరి బుడిపె కడుతుంది. చాలా పప్పు మొక్కల్లో బాక్టీరియా వేరు నూగు కొసనుంచి సన్నని దారం లాంటి మార్గం వేసుకుని లోపలికి వెళ్తుంది. ఇక్కడ ఆ మార్గం ఉండదు, పగులే ద్వారం. వేరుశనగలోనూ అంతే. ఈ రెండూ దగ్గరి బంధువులు మరి, ఒకే ఉపకుటుంబంలో డాల్బెర్జియే అనే ఒకే తెగవి.

బుడిపె అంచు పచ్చగా ఉండడానికి కారణం ఆ పొరలో పత్రహరితం ఉండడం. లోపలున్న బ్రాడీరైజోబియం అనే బాక్టీరియా కూడా మామూలుది కాదు. ఈస్కినోమెనె కాండంలో ఉండే ఈ రకం బాక్టీరియాలలో కొన్నిటికి వెలుతురు నుంచి శక్తి తీసుకునే శక్తి ఉంది. 2007లో వీటి జన్యువులను పూర్తిగా చదివినప్పుడు ఇంకో వింత బయటపడింది. బుడిపె కట్టమని మొక్కకు సంకేతం పంపడానికి ఇలా బుడిపెలు కట్టే బాక్టీరియాలకు (రైజోబియాలకు) తప్పనిసరి అనుకున్న నాడ్ జన్యువులు వీటిలో కొన్నింటికి అసలు లేనే లేవు. అవి లేకుండానే బుడిపె కడుతున్నాయి. ఎరువు లేకుండా వరికి నత్రజని అందించాలని కలలు కనే శాస్త్రవేత్తలకు ఈ మొక్క మీద అంత మక్కువ ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. కొల్లేటి గట్టున, మోకాలి నీళ్లలో నిలబడి ఆ గులాబీ రంగు చూస్తుంటే నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది.

రైతుకు ఇంత కథ చెప్పలేదు. "ఇవి రోగం కాదు బాబాయ్ గారూ, ఇవే మీ ఎరువు" అన్నాను. ఆయన డబ్బా వెనక్కి ఇచ్చేస్తానన్నారు.

సంచిలో దొరికిన సాక్ష్యం

విత్తనం ఎక్కడిదని అడిగాను. ఈ ప్రశ్న మొదటి ఫోన్‌లోనే అడగాల్సింది. సమయానికి విత్తనం దొరకలేదట. సంక్రాంతి దాటాక డ్రెయిన్ గట్టు మీద ఎండిన మొక్కలు కనిపిస్తే, జీలుగే కదా అని కాయలు దులిపి సంచికెత్తి ఉంచారట. అదే మే నెలలో చల్లారు. మొలక కూడా ఒక్కసారిగా రాలేదు, మూడు విడతలుగా వచ్చిందని అప్పుడు చెప్పారు.

సంచి అడుగున గుప్పెడు విత్తనం మిగిలి ఉంది. చాటలో పోయించాను. అందులో సగానికి పైగా గింజలు కావు, కాయ ముక్కలు. చదరంగా, పల్చగా, నాలుగైదు మిల్లీమీటర్లున్న గోధుమరంగు బిళ్లలు. ఒక్కో బిళ్లలో ఒక్కో గింజ. అక్కడక్కడా ఐదారు బిళ్లలు గొలుసులా అతుక్కునే ఉన్నాయి. గొలుసు పై అంచు ఇంచుమించు తిన్నగా ఉంటే, కింది అంచు ముక్కకు ముక్కకు మధ్య నొక్కుకుని ఉంది. ఇక సందేహం లేదు. జీలుగ కాయ సన్నగా, జానెడు పొడవుండి, రెండు తొక్కలుగా విచ్చుకుని గింజలు రాలుస్తుంది. లోపల గింజకు గింజకు మధ్య అడ్డుపొరలు ఉంటాయి గానీ కాయ ముక్కలుగా విడిపోదు. ఈస్కినోమెనె కాయ పండాక ముక్కలుగా తెగి రాలుతుంది. ఇలాంటి కాయను పుస్తకాల్లో లొమెంటం అంటారు. నేను మాత్రం పిల్లలకు గొలుసుకాయ అనే చెబుతాను, ఒకసారి చూస్తే ఆ పేరు మరచిపోరు.

గ్లాసు నీళ్లలో గుప్పెడు పోసి చూశాం. ముక్కలు తేలాయి. మధ్యలో కలిసిన కొద్దిపాటి అసలు జీలుగ గింజలు అడుగుకు పోయాయి. ఆ తేలడంలోనే ఈ మొక్క బతుకు తెరువు ఉంది. కాలువ నీళ్లు ఎటు పోతే ముక్కలు అటు పోతాయి, నీరు తగ్గిన చోట ఒడ్డున పడి మొలుస్తాయి. గింజ పైతొక్క గట్టిది, నీటిని వెంటనే లోపలికి రానివ్వదు. అందుకే కొన్ని వెంటనే, కొన్ని నెలకు, కొన్ని ఏడాది రెండేళ్లకు మొలుస్తాయి. మూడు విడతల మొలకకు కారణం దొరికింది. పూత రాకపోవడానికీ దొరికింది. ఈ మొక్క మన దగ్గర ఎక్కువగా వానాకాలం చివర, పగలు తగ్గుతున్నప్పుడు పూస్తుంది. జీలుగలా నలభై ఐదు, యాభై రోజులకు పూస్తుందని ఎదురుచూడమనడం నా పొరపాటు.

ఆ పొరపాటుకు ఆయన మూల్యం చెల్లించారు. కాండాలు బొటనవేలి లావయ్యాయి, కింది భాగం కట్టెబారింది. పదిహేను రోజుల ముందు ఒక్క దమ్ముతో అయిపోయే పని ఇప్పుడు రెండుసార్లు రోటావేటర్ తిప్పాల్సి వచ్చింది. ముదిరిన పీచు మురగడానికి సమయం పడుతుంది, ఆ మొదటి రోజుల్లో నేలలో ఉన్న నత్రజనిని కూడా అదే లాక్కుంటుంది. కనుక నీరు నిలిపి రెండు వారాలు మురగనిచ్చాకే ఊడ్పులు వేయమన్నాను. నారు ముదిరింది. ఆ ఆలస్యం నా సలహా వల్లేనని ఆయనతో, ఆయన ఇంట్లో వాళ్లతో అక్కడే ఒప్పుకున్నాను. రొట్టను కోసి పడేయాల్సిన పని మాత్రం లేదని, నత్రజనిలో ఇది జీలుగకు తీసిపోదని కూడా చెప్పాను. దున్నక తప్పదు, ఎందుకంటే కాయ పట్టనిస్తే వచ్చే ఏడాది చేను మొత్తం ఇదే అవుతుంది.

డ్రెయిన్ వైపు మూలలో మూడు మొక్కలు మాత్రం నా కోసం వదిలేయమని అడిగాను.

అక్టోబరులో

అక్టోబరు రెండో వారంలో వెళ్లేసరికి ఆ మూడు మొక్కలు ఆరడుగులకు దగ్గరపడ్డాయి. పూశాయి. ఆకు మొదట్లోంచి చిన్న గుత్తులు, గుత్తికి రెండు మూడు పువ్వులు. పువ్వు సెంటీమీటరుకు అటూ ఇటూ, లేత పసుపు రంగులో ధ్వజం మీద ఊదా చారలు. పువ్వు రూపం కంది, పెసర పువ్వుల్లాంటిదే: పైన ధ్వజం, పక్కన రెండు బాహువులు, కింద ద్రోణి. రక్షక పత్రావళి రెండు పెదవుల్లా చీలి ఉంది. సూదితో ద్రోణి విప్పి కేసరాలు లెక్కపెట్టాను. పది కేసరాలు, ఐదేసి చొప్పున రెండు కట్టలు. జీలుగలో తొమ్మిది ఒక కట్ట, ఒకటి విడిగా ఉంటాయి. పదిని ఐదూ ఐదుగా చీల్చుకోవడం ఈ ప్రజాతి గుర్తు. లేత కాయల్లో ఎనిమిది, తొమ్మిది ముక్కలు. పుస్తకంలో పేరు పక్కన జూలైలో పెట్టిన ప్రశ్న గుర్తు కొట్టేసింది ఆ రోజే.

మొక్కను కాగితాల మధ్య పెడుతుంటే రైతు వాళ్ల అమ్మగారు, ఎనభై దాటిన మామ్మగారు, వచ్చి చూశారు. "ఇది బెండు జీలుగ కాదమ్మా, దాని చెల్లెలు. బెండు జీలుగ అదిగో, ఆ గుంటలో ఉంది" అన్నారు.

రోడ్డు వార మట్టి తవ్విన గుంటలో, ఛాతీ లోతు నీళ్లలో నిజంగానే ఇంకో మొక్క ఉంది. పత్రకాలు ఆకుకు నూరు పైనే. కాండం చేతి మణికట్టంత లావు. కొమ్మల మీద, పువ్వు ధ్వజం మీద కూడా నూగు. కాయలో ముక్కలు తక్కువ, కానీ ఒక్కోటి సెంటీమీటరుకు దగ్గరగా, మధ్యలో బొడిపెలతో గరుకుగా ఉంది. అది ఈస్కినోమెనె ఆస్పెరా. మామ్మగారు చిన్నప్పుడు వాళ్ల నాన్న దీని కాండం ముక్కలు గేలాలకు, వలలకు బెండ్లుగా కట్టేవారట. మనం స్కూల్లో స్థిర విద్యుత్తు పాఠంలో దారానికి వేలాడదీసిన బెండు బంతి ఎంత తేలికో గుర్తుందా? అలాంటి తేలిక ఇది. బెంగాల్‌లో పెళ్లికొడుకు తలకు పెట్టుకునే టోపర్, దుర్గమ్మ అలంకారాలు, తంజావూరులో నెట్టి బొమ్మలు చేసేదీ దీనితోనే. దొరల కాలపు సోలా టోపీ కూడా ఇదే. ఆ సోలా బెంగాలీ మాట శోలా నుంచి వచ్చింది. ఎండకు పెట్టుకునే టోపీ కదా అని సోలార్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఒక ముక్క అడ్డంగా కోసి మామ్మగారికి లెన్సులో చూపించాను. బెండు అంటే మధ్యలో ఉండే దవ్వ అని అందరం అనుకుంటాం. ఇక్కడ దవ్వ మధ్యలో చిన్న చుక్క. చుట్టూ తెల్లగా మెత్తగా ఉన్నదంతా ద్వితీయ దారువు, అంటే కర్రే. గోడలు పల్చనైన కణాలతో కట్టిన కర్ర. టేకు చెట్టులో గట్టి కలపగా మారేది ఇక్కడ గాలి నింపుకున్న బెండుగా మారింది. నీళ్లలో నిలబడే మొక్కకు బరువు మోసేది నీరే, కనుక కర్రకు గట్టిదనంతో పని లేదు, తేలితే చాలు.

మామ్మగారు "చెల్లెలు" అన్న మాట నా నోట్సులో అలాగే రాసుకున్నాను. ఒక ప్రజాతిలోని రెండు జాతుల సంబంధాన్ని అంతకంటే బాగా చెప్పలేం. జీలుగ అన్న పేరు ఎంత మందిని మోస్తోందో కూడా ఆ రోజే రైతుకు చెప్పాను. పచ్చిరొట్ట జీలుగ ఒకటి, బెండు జీలుగ ఒకటి, దాని చెల్లెలు ఒకటి. అల్లూరి జిల్లా ఏజెన్సీకి వెళ్లి జీలుగు అంటే కల్లు గీసే చెట్టు చూపిస్తారు, అది తాటి కుటుంబానిది, వీటితో ఏ చుట్టరికమూ లేదు.

మరుసటి ఏడాది వరిలో మేం భయపడిందే జరిగింది. అప్పుడు మొలవని గింజలు ఈసారి వరి మధ్యలో మొలిచాయి. కలుపు తీసిన రెండుసార్లూ కూలీలతో పీకించాం. వరికంటే ఎత్తుగా లేచి కనబడే మొక్క కనుక పీకడం కష్టం కాలేదు, కాయ పట్టక ముందే పీకాలన్నదొక్కటే షరతు. ఈ జాతికి దగ్గరి బంధువు ఈస్కినోమెనె వర్జినికా అమెరికాలో ఆర్కాన్సా వరి చేలలో ఇలాగే కలుపు. దాని మీదికి ఒక శిలీంద్రంతో తయారైన కాలెగో అనే కలుపు మందు 1982లోనే రిజిస్టర్ అయింది. అదే మొక్కను దాని సొంత చోటైన అట్లాంటిక్ తీరపు చిత్తడి నేలల్లో ముప్పున్న జాతిగా 1992లో ప్రకటించారు. చేలో పీకించినా డ్రెయిన్ గట్టున, గుంటలో ఉన్న అక్కాచెల్లెళ్లను ముట్టుకోవద్దని రైతును అడిగింది అందుకే. ఆయన ఒప్పుకున్నారు. గుంటలోది మామ్మగారిది అంటారు ఇప్పుడు.

ఆ కేసు తర్వాత నేను ఫోన్‌లో పేరు చెప్పడం మానేశాను. ముందు విత్తనం ఎక్కడిదని అడుగుతాను. తర్వాత నాలుగు ఫోటోలు అడుగుతాను: ఆకు మొదలు, కాండం మొదలు, కాయ లేదా సంచిలో విత్తనం, మొత్తం మొక్క. ప్రతిదాంట్లోనూ పక్కన ఒక రూపాయి బిళ్ల.

ఈ ఏడాది మే నెలలో ఆయన మళ్లీ ఫోన్ చేశారు. విత్తనం కొన్నారట, సంచి విప్పి చాటలో పోసి వెతికారట. "ఒక్క ముక్క కూడా లేదండి మేడమ్ గారూ, అన్నీ గింజలే" అన్నారు. ఫోటో కూడా పంపారు. చాట మధ్యలో గింజలు, గింజల పక్కన రూపాయి బిళ్ల.